ఐడీపీఎల్ దిగేవాళ్ళు

జేబులో ఐదొందల రూపాయలతో హైదరాబాదు బస్సెక్కిన కుర్రాడి కథ మీరు చదివే ఉంటారు. కుర్రాడి పేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఐదొందలు ఒక్కోసారి రెండొందలవుతుంది. మిగతాదంతా అదే. నాన్న రైతు, అమ్మ దేవత. చదువులో చురుకు. ఉద్యోగం దొరుకుతుంది గానీ మనసు నిలవదు. నమ్మిన భాగస్వామి మోసం చేస్తాడు. ఒక బ్యాంకు మేనేజరు మాత్రం నమ్ముతాడు. రేకుల షెడ్డులో మొదటి యంత్రం, మొదటి ఎగుమతి. అక్కణ్ణుంచి పేజీలు గబగబా తిరిగిపోతాయి. చివర్లో సొంతూళ్ళో బడి, గుడి, కంటి ఆసుపత్రి. ముందు అట్ట మీద సూటు, వెనక అట్ట మీద శాలువా.

ఈ కథ అబద్ధమని నేననను. చాలామంది విషయంలో నిజమే, అందులో కష్టం కూడా నిజమే. నా గొడవల్లా ఇలాంటివి పదో ఇరవయ్యో కలిపి కుట్టి, 'మన నగర నిర్మాతలు' అని పేరు పెట్టి, దాన్ని నగర చరిత్రగా అమ్మడం మీద. ప్రత్యేక సంచికల్లో, సన్మాన సంచికల్లో, కాఫీ టేబుల్ పుస్తకాల్లో, ఇప్పుడు పాడ్‌కాస్టుల్లో, ఎక్కడ చూసినా నగరం అంటే పదిమంది మగవాళ్ళ ముఖాలు. (ఆడవాళ్ళు ఉన్నారు, కృతజ్ఞతల పేజీలో, భార్యలుగా.)

ఆ మధ్య అలాంటి సంకలనం ఒకదానికి నన్నూ రాయమన్నారు. హైదరాబాదు మందుల పరిశ్రమ నా వంతు. పదిమంది పారిశ్రామికవేత్తలు, ఒక్కొక్కరికి 8 పేజీలు. "ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలండీ, కాంట్రవర్సీలు వద్దు, కాలేజీ పిల్లలు కూడా చదువుతారు" అన్నారు. ఐడీపీఎల్‌కి కూడా ఒక 8 పేజీలు ఇద్దామా అనడిగాను. "అది కంపెనీ కదండీ, మనిషి కాదుగా" అన్నారు. నేను రాయలేదు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళు చెప్పినదాంట్లో ఒక తర్కం ఉంది. ఆ తర్కాన్ని కాస్త విప్పి చూద్దామనే ఇదంతా.

హైదరాబాదులో సిటీ బస్సుల్లో తిరిగేవాళ్ళకి ఒక విషయం తెలుసు. ఈ ఊళ్ళో సగం దిక్కులకి ప్రభుత్వ కంపెనీలే పేర్లు. ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్, హెచ్‌ఎంటీ, ఐడీపీఎల్. "ఐడీపీఎల్, ఐడీపీఎల్ దిగేవాళ్ళు ముందుకి రండి" అని కండక్టర్ అరుస్తుంటే బ్యాగులు సర్దుకుని దిగిపోయే వాళ్ళలో చాలామందికి అదొక స్టాపు పేరు, అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో దిల్‌సుఖ్ ఎవరో మనం అడగం కదా, అలాగే ఇదీ.

ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్‌ని 1961లో పెట్టారు. సోవియట్ యూనియన్ సాయం. రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో ఆపరేషన్ పరికరాలు, మన బాలానగర్‌లో సింథటిక్ డ్రగ్స్. అంటే మాత్రలు కాదు, మాత్ర లోపల పనిచేసే అసలు పొడి. ఇవాళ మనం బల్క్ డ్రగ్ అంటున్నది దాన్నే. 1960ల చివరికి ఇక్కడ ఉత్పత్తి మొదలైంది.

ఇందులో ఉన్న విద్య ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 8 పేజీల కథల్లో ఎప్పుడూ ఎగిరిపోయేది ఇదే. గాజు ఫ్లాస్కులో అరలీటరు చర్య ఎమ్మెస్సీ కుర్రాడెవడైనా చేస్తాడు. అదే చర్యని వేల లీటర్ల రియాక్టర్‌లో చేయడం వేరే విద్య. ఫ్లాస్కు వేడెక్కితే ఐసు గిన్నెలో పెడతాం. రియాక్టర్ వేడెక్కితే? లోపలి సరుకు పెరిగినంతగా వేడిని బయటికి పంపే గోడ పెరగదు. అంచేత చిన్నదాంట్లో బుద్ధిగా ఉన్న చర్య పెద్దదాంట్లో బాంబవుతుంది. యాసిడ్ ఎంత నిదానంగా వదలాలి, లోపల తిరిగే రెక్క ఎంత వేగంగా తిరగాలి, స్ఫటికాలు ఎప్పుడు కట్టనివ్వాలి, సెంట్రిఫ్యూజ్ ఎంతసేపు నడపాలి, వంద కిలోలు రావాల్సిన చోట డెబ్భై వస్తే ఆ ముప్ఫై ఏ మడ్డిలో పోయింది. ఇవి పుస్తకాల్లో దొరకవు. నైట్ షిఫ్టులో, ఒక పెద్దాయన పక్కన నిలబడి, రెండు మూడు బ్యాచులు పాడుచేసి నేర్చుకుంటారు. బ్యాచ్ పాడైతే ఇల్లు గుల్లయ్యే చోట ఎవరూ తాపీగా నేర్చుకోలేరు. పాడైన బ్యాచుల ఖర్చుతో సహా ఆ బడి ఫీజు కట్టింది ఈ దేశంలో పన్ను కట్టిన ప్రతి మనిషీ.

ఆ బడిలో చదువుకున్నవాళ్ళలో అందరికంటే పేరున్న మనిషి కల్లం అంజిరెడ్డి గారు. తాడేపల్లి పసుపు రైతు కొడుకు. గుంటూరులో డిగ్రీ, బొంబాయి యూడీసీటీలో పైచదువు, పూనా నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ. 1969 నుంచి 1975 దాకా ఐడీపీఎల్‌లో ఉద్యోగం. బయటికొచ్చాక యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్, చివరికి 1984లో డాక్టర్ రెడ్డీస్. అక్కణ్ణుంచి కొమ్మలు. మురళి దివి గారు ఆయనతో కలిసి కెమినార్‌లో పనిచేసి 1990లో దివీస్ పెట్టారు. పార్థసారథి రెడ్డి గారు రెడ్డీస్ నుంచి బయటికొచ్చి 1993లో హెటెరో పెట్టారు. బాలానగర్ పక్కనే ఉన్న జీడిమెట్లలో, తర్వాత బొల్లారం, పటాన్‌చెరు వైపు వరసగా షెడ్లు లేచాయి. ఎవరి షెడ్డులో చూసినా ప్లాంటు నడిపే మనిషిని కదిపితే ఐడీపీఎల్ పేరు వచ్చేది.

ఈ పరిశ్రమకి ఇంకో తల్లి కూడా ఉంది. 1970 పేటెంట్ చట్టం. అంతకుముందున్న వలసకాలపు చట్టం కింద, ఒక మందు మీద పేటెంటున్న విదేశీ కంపెనీ తప్ప ఇంకెవరూ ఆ మందు చేయకూడదు. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆ పద్ధతిని విప్పి చూపించింది. 1972లో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు, మందుకి లేదు. అదే మందుని వేరే దారిలో చేస్తే తప్పు కాదు. మన కెమిస్టులు ఆ వేరే దారులు వెతకడంలో మొనగాళ్ళయ్యారు. 2005లో చట్టం మళ్ళీ మారేదాకా ముప్ఫై మూడేళ్ళు ఈ గొడుగు ఉంది. అది లేకపోతే మన కథానాయకుల్లో చాలామంది కోర్టు నోటీసులకి జవాబులు రాసుకుంటూ గడిపేవాళ్ళు. అయినా ఏ 'నగర నిర్మాతలు' పుస్తకంలోనూ అయ్యంగార్ ఫొటో నాకు కనిపించలేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఈ మతిమరుపు ఆ పెద్దవాళ్ళది కాదు. అంజిరెడ్డి గారు తాను ఐడీపీఎల్ నుంచి వచ్చానన్న సంగతి ఎన్నడూ దాచలేదు. ఆయన పోయిన తర్వాత 2015లో వచ్చిన ఆయన ఆత్మకథ 'యాన్ అన్‌ఫినిష్డ్ ఎజెండా' చదివితే ఆయనకి మందుల మీద, అణువుల మీద ఉన్న పిచ్చి ప్రేమ కనిపిస్తుంది. లాభం లెక్కల కంటే రసాయనశాస్త్రం గురించి మాట్లాడేటప్పుడే ఆ మనిషి వెలిగిపోతాడు. ఆయన గురించి రాసేవాళ్ళు మాత్రం ఐడీపీఎల్‌ని ఒక వాక్యంలో దాటేస్తారు. 'కొంతకాలం ప్రభుత్వ ఉద్యోగం చేసి, అక్కడ ఇమడలేక' అని. ఆరేళ్ళ బడి మొత్తం 'ఇమడలేక'లో ఇమిడిపోయింది.

దీనికి ఎదురుగా ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, రావాలి కూడా. ఐడీపీఎల్‌లో వేలమంది పనిచేశారు కదా, అంజిరెడ్డి ఒక్కడే ఎందుకయ్యాడు? ధైర్యం, దూరదృష్టి అతనివే కదా?

ఆయనవే. కాదనను. కానీ ధైర్యం గురించి మనం మాట్లాడే తీరు ఉందే, అది భలే అమాయకంగా ఉంటుంది. నెల జీతం వదిలేసి షెడ్డు పెట్టడానికి కావలసింది గుండె ఒక్కటే కాదు. మొదటి రెండేళ్ళు ఇల్లు గడవాలి. బ్యాంకుకి తనఖా పెట్టడానికి ఏదో ఉండాలి. సాల్వెంట్ అప్పుగా ఇచ్చే వర్తకుడు 'ఫలానా వాళ్ళబ్బాయి' అని గుర్తుపట్టాలి. వాటా తీసుకునే బావమరిది ఉండాలి. మునిగిపోతే తిరిగి వెళ్ళడానికి ఊళ్ళో కొంత నేల ఉండాలి. కృష్ణా గోదావరి కాలువల కింద రెండు మూడు తరాలు పంట పండించి మిగుల్చుకున్న కులాలకి ఇవన్నీ ఉన్నాయి. కులం పేర్లు చెప్పకుండా వ్యాపార చరిత్ర రాయడం తెలుగులో ఒక మర్యాదైపోయింది గానీ, పరిశోధకులు ఏనాడో చెప్పేశారు. కరోల్ ఉపాధ్య 1988లోనే కోస్తా ఆంధ్ర రైతు పెట్టుబడిదారుల మీద రాశారు. హరీశ్ దామోదరన్ 2008లో 'ఇండియాస్ న్యూ క్యాపిటలిస్ట్స్'లో కమ్మ, రెడ్డి, రాజు వ్యాపారుల గురించి పేరుపేరునా రాశారు. పొలం నుంచి మిల్లుకి, మిల్లు నుంచి సినిమాకి, కాంట్రాక్టుకి, ఫ్యాక్టరీకి డబ్బు ఎలా నడిచిందో వాళ్ళు చెబితే మనం ఇంగ్లీషులో చదివి తలూపుతాం. తెలుగులో రాయాల్సి వచ్చేసరికి మళ్ళీ 'ఐదొందలతో బస్సెక్కి' అంటాం.

అదే షిఫ్టులో, అదే రియాక్టర్ పక్కన నిలబడ్డ ఇంకో మనిషిని ఊహించుకోండి. అదే చదువు, అంతకంటే మంచి చెయ్యి కూడా అనుకుందాం. అతని తండ్రికి భూమి లేదు. వాళ్ళ వంశంలో నెల జీతం చూసిన మొదటి మనిషి ఇతను. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఇతని నెత్తి మీద. ఇతను ఆ ఉద్యోగం వదిలితే దాన్ని ధైర్యం అనరు, బాధ్యత లేనితనం అంటారు. ఇతను వదల్లేదు. వదిలేయకపోవడం వల్లే బడి నడిచింది, వచ్చిన కొత్త కుర్రాళ్ళకి పని నేర్పింది ఇలాంటివాళ్ళే. ఈ మనిషికి ఎన్ని పేజీలు?

ఐడీపీఎల్ స్వర్గమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రభుత్వ సంస్థల్లో ఉండే జబ్బులన్నీ దానికీ ఉన్నాయి. మంత్రులు వేలు పెట్టడం, అవసరానికి మించిన సిబ్బంది, నెలల తరబడి కదలని ఫైళ్ళు, ధరల నియంత్రణ బరువు. 1992లో దాన్ని ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. 1996కల్లా ఇక్కడ ఉత్పత్తి ఆగింది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం మూసెయ్యాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది. కానీ ఒక విషయం గమనించండి. కంపెనీ చావుని మనం 'ప్రభుత్వరంగ వైఫల్యం' అని లెక్క రాసుకున్నాం. అది కన్న పరిశ్రమని మాత్రం 'ప్రైవేటు చొరవ' ఖాతాలో వేశాం. తల్లి అప్పులు తల్లివి, కొడుకు ఆస్తి కొడుకు స్వార్జితం. ఏ గుమస్తా ఒప్పుకుంటాడు ఈ పద్దు?

ఇక నీళ్ళ సంగతి.

పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అక్కడే పెట్టారు. ఆ పొరుగునే 1970ల నుంచి పారిశ్రామిక వాడలు వచ్చాయి. మెదక్ వెనకబడిన జిల్లా కాబట్టి రాయితీలు ఇచ్చారు, నగరానికి దగ్గర కాబట్టి అందరూ వచ్చారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ అయ్యారు, ఆ వెలుగూ తోడైంది. నక్కవాగు ఈ ఫ్యాక్టరీల మధ్య నుంచి పారి మంజీరలో కలుస్తుంది. కొన్నేళ్ళకే వాగు రంగు మారింది. తర్వాత బావుల్లో నీళ్ళు, తర్వాత మళ్ళు, తర్వాత గొడ్లు.

'నగర నిర్మాతలు' లాంటి పుస్తకాల్లో చివరి అధ్యాయం ఒకటుంటుంది, సంఘ నాయకులని. చూస్తే అందులో ఉండేది వాణిజ్య మండలి మాజీ అధ్యక్షుడు, రోటరీ గవర్నరు, రక్తదాన శిబిరాలు పెట్టిన పెద్దమనిషి. మంచిపనులే. కానీ హైదరాబాదు మందుల పరిశ్రమని నిజంగా మలిచిన సంఘ నాయకుడు ఒకాయన ఉన్నాడు, ఆయన ఫ్యాక్టరీ పెట్టలేదు. పటాన్‌చెరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ కిషన్‌రావు. చుట్టుపక్కల పల్లెల నుంచి తన దగ్గరకొచ్చే రోగుల్ని చూస్తూ చూస్తూ, ఈ జబ్బులకి మందు తన చీటీలో లేదు, వాగులో ఉందని అర్థం చేసుకున్న మనిషి. రైతుల్ని కూడగట్టాడు, నీళ్ళ నమూనాలు పట్టాడు, అధికారుల చుట్టూ తిరిగాడు. 1990లో ఈ గొడవ ప్రజాప్రయోజన వ్యాజ్యంగా సుప్రీం కోర్టుకి చేరింది. 2001లో హైకోర్టుకి, 2013లో గ్రీన్ ట్రిబ్యునల్‌కి బదిలీ అయి 2017లో తీర్పొచ్చింది. ఇరవై ఏడేళ్ళు. మధ్యలో కోర్టు ఆదేశాలతో రైతులకి కొంత పరిహారం, ఊళ్ళకి తాగే నీళ్ళు. కంపెనీలు తమ మురికి నీళ్ళ గురించి లెక్క చెప్పాల్సిన పరిస్థితి దానంతటది రాలేదు, బోర్డులు నిద్రలేచి తేలేదు. ఆ పల్లెల వాళ్ళు కోర్టు మెట్లు ఎక్కీ ఎక్కీ తెచ్చారు.

ఆ నీళ్ళలో ఏముందో ప్రపంచానికి లెక్కకట్టి చెప్పింది మాత్రం స్వీడన్ శాస్త్రవేత్తలు. 2007లో యోవాకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన అచ్చువేసింది. పటాన్‌చెరులో దాదాపు తొంభై మందుల కంపెనీల వ్యర్థజలాలు వెళ్ళే ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది. అక్కడ శుద్ధి చేశాక బయటికి వదిలిన నీళ్ళు, మళ్ళీ చదవండి, శుద్ధి చేశాక వదిలిన నీళ్ళు పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. సిప్రో బిళ్ళ వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకి సుమారు 45 కిలోల మందు ఆ నీళ్ళతో పోతోందని వాళ్ళ అంచనా. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రో అది. ఇక్కడ వాగు ఒక్క రోజులో తాగేసింది. యాంటీబయాటిక్‌లకి లొంగని బ్యాక్టీరియా గురించి ప్రపంచమంతా ఇవాళ పడుతున్న భయంలో నక్కవాగు పేరు తరచూ వస్తుంది. మన పుస్తకాల్లో తప్ప.

'ఇది పర్యావరణం సంగతి, వ్యాపార చరిత్రకి దీనితో ఏం పని?' అనే వాళ్ళకి ఒక మాట. మన మందు ఎందుకు చవక? కెమిస్టు తెలివి వల్ల కొంత, చట్టం వల్ల కొంత, తక్కువ కూలి వల్ల కొంత. మురికి నీళ్ళు శుభ్రం చేసే ఖర్చు ఏళ్ళ తరబడి పెట్టకపోవడం వల్ల కూడా కొంత. పెట్టుబడి పెట్టినవాణ్ణి నిర్మాత అంటున్నాం కదా, మరి నక్కవాగు ఒడ్డు రైతు తన బావిని, తన మడిని ఈ పరిశ్రమలో పెట్టాడు. అతనికి వాటా పత్రం ఇవ్వలేదు, అంతే తేడా. ఎగుమతి గణాంకాలు చదివి పొంగిపోయే ముందు ఈ పద్దు కూడా చూడాలి.

నీళ్ళ తర్వాత మనుషులు. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి కంపెనీ ప్లాంటులో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. చాలామంది బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి పనికొచ్చినవాళ్ళు. అక్కడ చేసేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. అంటే మాత్రలో మందు కాని భాగం, మాత్ర పొడిపొడి కాకుండా గట్టిగా పట్టి ఉంచే తెల్లటి పిండి. మనం వేసుకునే బిళ్ళల్లో సగానికి సగం బరువు ఇలాంటి పిండిదే అయినా, పేరు చీటీ మీద ఉండదు. ఆ వారమంతా పేపర్ల నిండా వార్త. మూడు వారాలకి లోపలి పేజీ. ఏడాది తర్వాత వచ్చే ప్రత్యేక సంచికలో ఫార్మా విభాగానికి ముందుమాట ఎలా ఉంటుందో నాకిప్పుడే తెలుసు. 'ప్రపంచ ఔషధాలయంగా ఎదిగిన మన భాగ్యనగరం' అని మొదలవుతుంది.

ఇదంతా పేపర్ల తప్పనీ, ప్రచురణకర్తల తప్పనీ తోసేస్తే మనకి హాయిగా ఉంటుంది. కానీ ఈ పుస్తకాలు రాస్తున్నది ఎవరు? మనమే. తెలుగులో పుస్తకం అమ్మి బతకలేని రచయితకి, జీవితకథ రాసిపెట్టే పని ఒక్కటే చేతికి నాలుగు డబ్బులు తెచ్చే పని. దాన్ని నేను తక్కువ చేయను, ఎవరి ఇంటి అద్దె వాళ్ళకుంటుంది. వ్యాపారులు సాహిత్యానికి చేసిన మేలు కూడా చిన్నది కాదు. శాంతా బయోటెక్నిక్స్ పెట్టి మన దేశంలో హెపటైటిస్-బి టీకాని అందుబాటులోకి తెచ్చిన వరప్రసాద్ రెడ్డి గారే 'హాసం' పత్రిక నడిపించారు. హాస్యం, సంగీతం తప్ప ఇంకేం వద్దనుకున్న అలాంటి పత్రిక తెలుగులో మళ్ళీ రాలేదు. ఆ సంచికలు దాచుకున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా అభ్యంతరం ఇచ్చే చేతి మీద కాదు. ఆ చెయ్యి అడగకముందే మనం వంగిపోవడం మీద. సభకి డబ్బిచ్చినాయన వేదిక మీద కూర్చుంటే ఆయన పరిశ్రమ గురించి ఒక్క కష్టమైన ప్రశ్న కూడా ఆ హాల్లో పుట్టదు. అడగొద్దని ఎవరూ చెప్పలేదు. మనకే తోచదు.

సింగరేణి బొగ్గుబావుల గురించి మనకి సాహిత్యం ఉంది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి రాసిన కథలు చదివితే బాయిలోకి దిగే మనిషి చెమట వాసన తెలుస్తుంది. ఆ కథలు లేకపోతే కోల్‌బెల్టు చరిత్ర అంటే ఉత్పత్తి టన్నుల పట్టిక. మరి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు? నగరానికి ఇంత దగ్గర, మనం రోజూ అవుటర్ రింగు రోడ్డు మీద అద్దాలెక్కించుకుని దాటే చోటు. రాత్రిపూట ఆ దారిన వెళ్తే ఏసీ ఆన్‌లో ఉన్నా ఒక వాసన లోపలికొస్తుంది. కుళ్ళిన పండుకీ నెయిల్ పాలిష్‌కీ మధ్య ఉండే వాసన. దాని మీద నేను చదివిన తెలుగు కథలు ఒక చేతి వేళ్ళకి మించవు. ఐటీ ఉద్యోగి ఒంటరితనం మీద మాత్రం మన దగ్గర బోలెడు రాత ఉంది. ఎందుకంటే అది మన ఒంటరితనం.

కాబట్టి 'నగర నిర్మాతలు' పుస్తకాలు రాయొద్దని నేననడం లేదు. రాయండి. అంజిరెడ్డి గారికి 8 కాదు 80 పేజీలివ్వండి, ఆయనకి ఆ అర్హత ఉంది. కానీ ఆ 80లో ఐడీపీఎల్ నైట్ షిఫ్టు ఉండాలి, అయ్యంగార్ నివేదిక ఉండాలి, భూమి ఎవరిదో అప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉండాలి. పక్క అధ్యాయం కిషన్‌రావు గారిది కావాలి. ఇన్‌స్పైరింగ్‌గా ఉండదేమో అని భయపడకండి. ఇరవై ఏడేళ్ళు ఒకే వాగు గురించి పోట్లాడిన వాళ్ళకంటే ఇన్‌స్పైరింగ్ ఎవరుంటారు?

దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, స్పాన్సర్ కూడా అక్కర్లేదు. కాకపోతే టైమ్ లేదు. 1967లో ఇరవై రెండేళ్ళకి ఐడీపీఎల్‌లో చేరిన మనిషికి ఇప్పుడు ఎనభై దాటాయి. చింతల్‌లో, కూకట్‌పల్లిలో, బాలానగర్‌లో ఇంకా కొందరున్నారు, పొద్దున్నే పార్కుల్లో మెల్లగా నడుస్తుంటారు. మీ ఫోనుల్లో రికార్డర్ ఉంది. వెళ్ళి అడగండి. మొదటి బ్యాచ్ పాడైనప్పుడు ఎవరు తిట్టారు, రష్యన్ ఇంజనీర్లతో ఏ భాషలో మాట్లాడేవారు, రియాక్టర్ వేడెక్కుతోందని గేజు చూడకుండానే ఎలా కనిపెట్టేవారు. ఉద్యోగం మానేసి మాతో రా, షెడ్డు పెడదాం అని ఎవరైనా పిలిచారా. పిలిస్తే ఎందుకు వెళ్ళలేదు.